తమ్ముడికి నేర్పిన జవాబులు

నా తమ్ముడికి పిచ్చి లేదని నేనే రాసిచ్చాను. ఎవరో రాస్తే నేను కింద వేలిముద్ర వేసింది కాదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఫారం మీద నా చేత్తో, నీలం పెన్నుతో, పెద్దపెద్ద అక్షరాలతో గీత దాటకుండా రాశాను. వాడిప్పుడు జైల్లో ఉన్నాడు. అందులో కోర్టు చేసినదానికంటే నేను చేసిందే ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మాచర్ల అవతల నాపరాయి క్వారీలో ముప్ఫై ఏళ్ళు తల మీద రాయి మోశాను. మా క్వారీ కాలనీలో ఆడవాళ్ళకి పని దిగాక బడి పెట్టారు. చదువు చెప్పే పిల్లది మా కూతుళ్ళ వయసు. ఆరు నెలలయ్యాక పరీక్ష అన్నారు. ఆ పిల్ల మూడు రోజుల ముందే ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీద రాసి మా చేత బట్టీ పట్టించింది. ఒక్కరు తప్పినా తన ఉద్యోగం పోతుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరం పాసయ్యాం. రాయడం సరిగా రానివాళ్ళు కూడా పాసయ్యారు. పరీక్ష గురించి నాకు తెలిసిందల్లా అదే. జవాబులు ముందే తెలుసుకోవాలి, అడిగేవాళ్ళకి నచ్చేట్టు చెప్పాలి, తప్పితే పరువు పోతుంది.

తమ్ముడు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మా అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. నా పెళ్ళయ్యాక వాణ్ణి నాతోనే తెచ్చుకున్నాను. నా మొగుడు బతికున్నన్నాళ్ళూ గొణిగాడు కానీ వెళ్ళగొట్టలేదు. వాడు పెరిగి రాయి కొట్టే పనిలోకి దిగాడు. ఆ పనిలో వాడికి వాడే సాటి. బండ మీద అరచెయ్యి ఆనించి, ఎక్కడ దెబ్బ వేస్తే ఎటు పగులుతుందో చెప్పేవాడు. వాడు తీసిన పలకకి అంచు సరిచేసే పని ఉండేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే నవ్వేవాడు.

ముప్ఫై దాటాక వాడిలో తేడా వచ్చింది. మొదట అన్నం దగ్గర. నేను వండి నేను వడ్డిస్తేనే తినేవాడు. నా కూతురు వడ్డిస్తే కంచం పక్కకి జరిపేవాడు. ఆ తర్వాత కంప్రెసర్ దగ్గర. డ్రిల్లు మెషీన్లకి గాలి కొట్టే ఆ కంప్రెసర్ పొద్దున్నించి సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది. అందులోంచి ఎవరో తనని తిడుతున్నారని ఒకరోజు చెప్పాడు. కొన్నాళ్ళకి ఆ గొంతు మేస్త్రీదన్నాడు. మెషీన్ ఆపాక కూడా వినపడుతోందన్నాడు. ఎవరితోనూ అనొద్దు అన్నాను. అనలేదు వాడు. నా మాట ఎప్పుడూ జవదాటేవాడు కాదు.

ఒకసారి నరసరావుపేటలో డాక్టరుకి చూపించాను. మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే మనిషి కూర్చున్నచోటే కునికేవాడు, సమ్మెట ఎత్తలేకపోయేవాడు. అదే సమయానికి నా కూతురికి సత్తెనపల్లి సంబంధం కుదిరింది. మేనమామకి మతి సరిగా లేదని తెలిస్తే ఆ సంబంధం నిలవదు. మాత్రలు ఆపించాను. డాక్టరు రాసిన చీటీ పొయ్యిలో పెట్టాను. బదులుగా ఒక తాయెత్తు కట్టించాను. తాయెత్తుకి చీటీ ఉండదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మేస్త్రీ మా కాలనీవాడే. మాకు వరసకి అన్న. మంచివాడని చెప్పను, చెడ్డవాడని చెప్పను. కూలీలమీద నోరు చేసుకునేవాడు, జ్వరమొస్తే మాత్రం తన బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే మాట్లాడాడు.

"చెల్లీ, వాణ్ణి ఒకసారి పెద్దాసుపత్రికి తీసకపో. నన్ను చూసే చూపు బాగలేదు."

"మావోడికేం లేదన్నా. ఎండకి అట్టా ఉంటాడు."

"ఎండ అందరికీ కాస్తంది గదా."

మా వైపు ఎండ మీద వేసి ఏదైనా దాటెయ్యొచ్చు. రాయి పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కే ఎండలు మావి. మనిషి పిచ్చిగా మాట్లాడితే ఎండ దెబ్బ, మాట్లాడకపోతే ఎండ దెబ్బ. అన్న రెండు నెలలు చూసి, వాణ్ణి కంప్రెసర్‌కి దూరంగా కొత్త తవ్వకం వైపు మార్చాడు. ఆయన చేయగలిగింది ఆయన చేశాడు.

చైత్రం పోయి వైశాఖంలో పడ్డాక ఒక మంగళవారం, టీ తాగే వేళ, వాడు సమ్మెట భుజాన వేసుకుని కంప్రెసర్ దాకా నడిచి వచ్చాడు. అన్న అటు తిరిగి డీజిల్ పోయిస్తున్నాడు. ఒకే దెబ్బ. నేను క్వారీకి ఇంకో చివర తట్ట దించుతున్నాను. కేకలు విని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. మెషీన్ ఆగి ఉంది. వాడే ఆపాడట. ఆపి, దాని పక్కన కూర్చుని, ఇక అరవడులే అన్నాడట. పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

వాణ్ణి సబ్ జైల్లో పెట్టారు. మాకు వకీలుని పెట్టుకునే తాహతు లేకపోతే కోర్టే ఒకాయన్ని ఇచ్చింది. ఆయన చేతిలో ఎప్పుడూ పది కట్టలుండేవి. ఒక వాయిదా నాడు కోర్టు వరండాలో నడుస్తూ నడుస్తూనే నాతో చెప్పాడు. మీ తమ్ముడి మతి ఎట్లా ఉందో తెలుసుకోవడానికి కోర్టు డాక్టర్ల దగ్గరికి పంపుతోంది, పరీక్ష పెడతారు, రిపోర్టు వస్తుంది, దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది అన్నాడు. ఇంకో కేసు పిలిచారని లోపలికి పోయాడు. పరీక్ష అన్న మాట ఒక్కటే నన్ను పట్టుకుంది.

మా కాలనీలో ఒకామె కొడుకుని వికలాంగుల సర్టిఫికెట్టు కోసం ఇలాంటి పరీక్షకే తీసుకెళ్ళింది. ఆ పిల్లాడు పుట్టినప్పటి నుంచీ ఎదగలేదు. ఏమేం అడిగారో చెప్పమని ఆమె దగ్గర కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. ఇవాళ ఏ వారం, ఏ నెల, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, ఇంకో ఏడు తీసేస్తే ఎంత. ఆమె అంతా చెప్పి నవ్వింది.

"ఎందుకు రాసుకుంటన్నావు వదినా? మావోడు అన్నీ తప్పు చెప్పబట్టే గదా పింఛనొచ్చింది."

విన్నాను. చెవిన పడింది కానీ లోపలికి పోలేదు. వాళ్ళది పింఛను సంగతి, మాది హత్య కేసు అనుకున్నాను.

అప్పట్నించి ములాకత్‌కి పోయిన ప్రతిసారీ వాడికి పాఠం చెప్పాను. మా ఇద్దరికీ మధ్య ఇనప జాలీ. అటుపక్కా ఇటుపక్కా పదిమంది ఒకేసారి అరుచుకుంటూ మాట్లాడుతుంటారు. ఆ గోలలో నేను వందలోంచి ఏడు తీయించాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. వాడికి లెక్క రాదు, అందుకని వరసగా బట్టీ పట్టాడు. అసలైన పాఠం ఇంకొకటి ఉంది. ఒరేయ్, నీకు వినపడింది చెప్పొద్దు, కనపడింది చెప్పొద్దు, ఉన్నది మాత్రమే చెప్పు అన్నాను. ఎందుకు కొట్టావని అడిగితే కోపమొచ్చింది, కొట్టాను అని చెప్పు అన్నాను.

ఇది ఎందుకు నేర్పానో కూడా చెప్పాలి. మా పల్నాట్లో కోపం ఎవరికైనా అర్థమవుతుంది. గట్టు కోసం కొట్టుకున్నవాళ్ళున్నారు, ఒక్క మాట కోసం తల పగలగొట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు జైలుకి పోయి వస్తారు, వచ్చాక మళ్ళీ అరుగు మీద కూర్చుంటారు, జనం పలకరిస్తారు. మెషీన్ చెప్పింది, అందుకని కొట్టాను అన్నవాడిని ఎవరూ పలకరించరు. పిల్లలు రాళ్ళు వేస్తారు. పిచ్చాసుపత్రిలో వేస్తే ఇక తిరిగి రాడని కూడా మా వాళ్ళు అన్నారు. కోపం ఉన్న మనిషిగా వాడు లోపలికి పోతే ఏదో ఒకరోజు మనిషిగా బయటికి వస్తాడని నేననుకున్నాను.

ఒకసారి జాలీకి నోరు దగ్గర పెట్టి, అక్కా, ఇక్కడ కూడా వినపడుతోంది అన్నాడు. చెప్పొద్దన్నానా అని కసిరాను. తల దించుకుని మళ్ళీ తొంభై మూడు దగ్గర మొదలుపెట్టాడు.

పరీక్ష రోజు ఇద్దరు కానిస్టేబుళ్ళు వాణ్ణి జీపులో తెచ్చారు. నేను ముందే బస్సులో పోయి పెద్దాసుపత్రి వరండాలో కూర్చున్నాను. పరీక్ష పెట్టేది ఒక మేడమ్. వయసు తక్కువ, మాట మెత్తన. మాకంటే ముందు ఒక ముసలాయన కోడలిని తీసుకొచ్చాడు. ఆయనకి చదువు రాదు. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి ఫారంలో ఉన్నవన్నీ తానే అడిగింది. ఆయన ఒకటి చెబితే దాని వెనక ఇంకొకటి అడిగింది. ఎప్పట్నించి, ఎట్లా మొదలైంది, అప్పుడు మీరేం చేశారు, ఎవరికి చూపించారు. అరగంట పట్టింది. ఆయన చెప్పకూడదనుకున్నవి కూడా చెప్పేశాడని ఇవతల కూర్చున్న నాకే తెలిసిపోయింది.

నా వంతు వచ్చింది. చదువొచ్చా అమ్మా అని అడిగింది. వచ్చని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నేను కూర్చున్న తీరు నాకిప్పటికీ గుర్తు. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఫారం నా చేతికిచ్చి, రాసి ఇవ్వండి అని లోపలికి పోయింది.

ఇంతకుముందు మతికి సంబంధించిన వైద్యం ఏమైనా చేయించారా? లేదు. మాత్రలు వాడారా? లేదు. తనలో తాను మాట్లాడుకుంటాడా? లేదు. ఎవరూ లేకుండా మాటలు వినపడతాయని ఎప్పుడైనా అన్నాడా? లేదు. ఇతరుల మీద అకారణంగా అనుమానపడతాడా? లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా? లేదు. లేవు అని రాయాలేమో అని ఆలోచించాను తప్ప, నిజం రాయాలేమో అని ఆలోచించలేదు. కింద పేరు రాసి సంతకం చేశాను. మేడమ్ తీసుకుని చూసి, మీ రాత బాగుందమ్మా అంది. చదువు రానిదాన్నయితే నన్ను కూడా అరగంట కూర్చోబెట్టి అడిగేది. అన్నిసార్లు అడిగితే ఎక్కడో ఒకచోట నోరు జారేదాన్ని.

తమ్ముడు లోపల బల్ల ముందు కూర్చున్నాడు. సంకెళ్ళు తీయించింది మేడమ్. కాపలా కోసం తలుపు తెరిచే ఉంచారు, కానిస్టేబుల్ గుమ్మంలో, నేను ఎదురుగా బెంచీ మీద. వారం చెప్పాడు, నెల చెప్పాడు. తొంభై మూడు నుంచి రెండు దాకా ఎక్కడా ఆగకుండా దిగిపోయాడు. మేడమ్ తల ఎత్తి చూసింది. రంగు చెక్కలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. రాయి పేర్చినవాడికి చెక్కలొక లెక్కా, మేడమ్ గడియారం చూసుకునేలోపు పేర్చాడు. రోడ్డు మీద స్టాంపు అంటించిన కవరు దొరికితే ఏం చేస్తావని అడిగింది. పోలీసులకిస్తానన్నాడు. గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ నవ్వాడు.

తర్వాత సిరా మరకలు అచ్చువేసిన అట్టలు ఒక్కొక్కటే చూపించింది. ఇందులో నీకేం కనపడుతోంది అని అడిగింది. వాడు ఆ అట్టని చాలాసేపు చూశాడు. చెమట పట్టింది. వాడికి ఏదో కనపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"మరక మేడమ్. కాయితం మీద సిరా పడింది."

తప్పూ ఒప్పూ ఏమీ ఉండదు, ఏమనిపిస్తే అది చెప్పమంది. మరకే అన్నాడు. పది అట్టలూ మరకలే అన్నాడు. నీకు మాత్రమే వినపడే మాటలు ఏమైనా ఉన్నాయా అని మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ లేవన్నాడు. మధ్యలో ఒకసారి వాడి తల పైకి, ఫాన్ వైపు తిరిగింది. ఆ ఫాన్ టకటకమని కొట్టుకుంటోంది. అటు ఎందుకు చూస్తున్నావని మేడమ్ అడిగింది.

"గాలి రావట్లా మేడమ్."

అది నేను నేర్పింది కాదు. వాడే కల్పించి చెప్పాడు. బెంచీ మీద కూర్చుని నేను గర్వపడ్డాను. దేవుడు నన్ను దేనికైనా క్షమిస్తాడేమో కానీ ఆ గర్వానికి క్షమించడు.

చివరికి మేస్త్రీని ఎందుకు కొట్టావని అడిగింది. కోపమొచ్చింది, కొట్టాను అన్నాడు. దేనికి కోపమని అడిగింది. అక్కడ వాడికి పాఠం అయిపోయింది. కోపమే మేడమ్ అన్నాడు. ఆమె రాసుకుంది.

నెల తిరక్కుండా రిపోర్టు కోర్టుకి వచ్చింది. వకీలు నన్ను వరండాలో ఒక పక్కకి పిలిచి ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. మనిషి తెలివిలో ఉన్నాడు, కేసు అర్థం చేసుకోగలడు, జ్ఞాపకం బాగుంది, జబ్బు లక్షణాలు బయటపడలేదు, కోపంలో కొట్టానని చెప్పాడు, గతంలో ఏ వైద్యమూ లేదని అక్క రాసిచ్చింది. వింటుంటే నాకు సంతోషమైంది. అది నా మొహం మీద కనపడినట్టుంది.

"నువ్వేనా అమ్మా నేర్పింది?"

"నేనే సార్. అన్నీ సరిగ్గా చెప్పాడు గదా."

"సరిగ్గానే చెప్పాడు. తెలిసి, కోపంతో, కావాలని చంపానని చెప్పాడు. జబ్బు మనిషని తేలితే ఆసుపత్రికి పోయేవాడు. ఇప్పుడు యావజ్జీవం పడుద్ది."

ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను. నేనేం చెప్పాలమ్మా, ఉన్నది చెబుతారనుకున్నా అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు.

ఆ వారమంతా కూర్చుని నేను మూడు కాయితాలు రాశాను. డాక్టరు చీటీ పొయ్యిలో పెట్టిన సంగతి, తాయెత్తు సంగతి, కంప్రెసర్ గొంతు సంగతి, జాలీ దగ్గర నేర్పిన పాఠం సంగతి, అన్నీ రాశాను. వకీలు దాన్ని కోర్టు భాషలోకి మార్చి మళ్ళీ పరీక్ష పెట్టమని పిటిషను వేశాడు. చాలా వాయిదాలు తిరిగాక జడ్జీ ఒప్పుకున్నాడు. ఈసారి ఒక్క పూట పరీక్ష కాదు, కొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉంచి చూడమన్నారు.

ఈ మధ్యలో నేను మేస్త్రీ భార్య దగ్గరికి పోయాను. నాకు వదిన వరస. రెండు వీధుల అవతల ఇల్లు. ఆ సంగతి జరిగాక ఆ గడప తొక్కలేదు. ఆమె చేట పెట్టుకుని కంది బేడలు చెరుగుతోంది. కూర్చోమనలేదు. నేను నిలబడే అడిగాను. నా తమ్ముడు తేడాగా ఉండేవాడని అన్నకు తెలుసు, ఆ ముక్క కోర్టులో చెప్పమని.

"మా ఆయన నీ గుమ్మంలో నిలబడి చెప్పాడు గదా. ఏమన్నావు నువ్వు? మావోడికేం లేదన్నావు."

"అన్నాను వదినా."

"అప్పుడు లేని పిచ్చి ఇప్పుడు నేను తెచ్చి పెట్టాల్నా? ఆయన్ని చంపింది వాడే. చావమని పంపింది నువ్వు. పో ఇంక."

వచ్చేశాను. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

రెండోసారి చూసింది పెద్దవయసు డాక్టరు. ఫారం నా చేతికివ్వలేదు. తానే అడిగాడు. మీ ఇంట్లో ఎవరికైనా పూనకం వచ్చేదా అని అడిగితే నాకు ఒళ్ళు మండింది. మా అమ్మకు కొలుపుల్లో వచ్చేది, అది జబ్బు కాదు అన్నాను. జబ్బు కాదని నాకూ తెలుసమ్మా, మీరు దేన్ని జబ్బంటారో తెలుసుకుందామని అడిగాను అన్నాడు. మరి తమ్ముడికి వినపడేదాన్ని ఏమనుకున్నారు అన్నాడు. నేను ఆలోచించి చెప్పాను. అమ్మకు వచ్చేది కొలుపు నాడు వచ్చి, హారతివ్వగానే పోయేది. పోయాక ఆమె లేచి అందరికీ వడ్డించేది. వీడికి వచ్చింది పోలేదు. అందుకే అదీ ఇదీ ఒకటి కాదని నాకు మొదటి ఏడే తెలుసు. డాక్టరు పెన్ను ఆపాడు. మొదటి ఏడే తెలుసా అని మాత్రం అన్నాడు.

తమ్ముడు మాత్రం అవే జవాబులు చెప్పాడు. మరక. లేవు. కోపం. డాక్టరు నన్ను లోపలికి పిలిపించి వాడితో మాట్లాడమన్నాడు. వినపడేది చెప్పరా, ఇప్పుడు చెప్పాలి అన్నాను. వాడు నన్నూ డాక్టర్నీ మార్చి మార్చి చూశాడు.

"వీళ్ళు నీచేత చెప్పిస్తన్నారా అక్కా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. తను నోరు తెరవకుండా నన్నేదో కాపాడుతున్నాననుకున్నాడు. నోటితో చెప్పకపోయినా వారాల తరబడి చూసేవాళ్ళ ముందు ఎంతని దాస్తాడు. గోడతో మాట్లాడటం, నర్సు పెట్టిన అన్నం వాసన చూసి పక్కన పెట్టడం, ఫాన్ కింద మంచం వద్దని నేల మీద పడుకోవడం వాళ్ళు రాసుకున్నారు. మందులు మొదలుపెట్టారు. ఇవి మునుపటి మాత్రల్లాంటివి కావు. రెండు నెలలకి గొంతు ఆగిపోయింది.

రెండో రిపోర్టులో డాక్టరు తాను చూసిందే రాశాడు. ఈ మనిషికి జబ్బుంది, చాలా ఏళ్ళుగా ఉన్నట్టుంది, ఇప్పుడు మందులతో నెమ్మదించాడు, కేసు నడపొచ్చు. చంపిన రోజున తానేం చేస్తున్నాడో వాడికి తెలుసా తెలియదా అన్నది ఇంతకాలం తర్వాత తాను ఖాయంగా చెప్పలేనన్నాడు. అప్పటి చీటీలు ఏమైనా ఉంటే చెప్పొచ్చన్నాడు. నరసరావుపేట డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చనిపోయాడు, ఆ ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్ల షాపుంది.

కేసు విచారణకి వచ్చింది. మేస్త్రీ భార్య బోనెక్కింది. వకీలు అడిగితే, వాడి చూపు బాగలేదని మా ఆయన అనేవాడు, వాళ్ళక్కకి కూడా చెప్పాడు అంది. నాకోసం అనలేదు. నిజం గనక అంది. తర్వాత నన్ను పిలిచారు. నేను నిజమంతా చెప్పాను. అప్పుడు సర్కారు వకీలు లేచి నా మొదటి ఫారం నా చేతిలో పెట్టాడు. ఈ రాత మీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఎవరైనా బలవంతాన రాయించారా అన్నాడు. లేదన్నాను. చదవండి అన్నాడు.

అంతమంది ముందు పైకి చదవడం నాకు అదే మొదటిసారి. వైద్యం చేయించారా, లేదు. మాటలు వినపడతాయా, లేదు. ఒక్కో లేదు చదువుతుంటే జడ్జీ రాసుకుంటున్నాడు. నేను తడబడలేదు. చదువు వచ్చినందుకు అదీ ఒక శిక్షే. తమ్ముణ్ణి తప్పించడానికి ఇప్పుడు కథ మార్చారు, అంతే కదా అన్నాడు సర్కారు వకీలు. అప్పుడు తప్పించాలనే మార్చాను, ఇప్పుడు మార్చలేదు అన్నాను. అది ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు.

యావజ్జీవం వేశారు. జబ్బు ఉండొచ్చు కానీ ఆ సమయానికి మతి లేదని రుజువు కాలేదన్నారు, తానే కోపంతో కొట్టానని మొదటి పరీక్షలో చెప్పాడన్నారు. హైకోర్టులో అప్పీలు వేశాం. అది ఎప్పుడు వస్తుందో వకీలుకీ తెలియదు.

పెద్ద జైల్లో వాడికి మందులు క్రమంగా ఇస్తున్నారు. ఒళ్ళు వచ్చింది. మాట సాఫుగా ఉంది. ఇన్నేళ్ళలో వాణ్ణి అంత తేటగా నేను చూడలేదు. మొన్న పోయినప్పుడు నా కళ్ళల్లోకి చూసి అడిగాడు.

"అక్కా, అన్నని నేనే కొట్టానా?"

మునుపటిదాన్నయితే ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని.

"నువ్వే కొట్టావు."

"ఆయన నన్నేమీ అనలా?"

"అనలా. ఆయన అటు తిరిగి ఉన్నాడు."

వాడు తల ఊపాడు. అరచేతులు రెండూ బోర్లించి మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. వదిన ఎట్లా ఉందని అడిగాడు. కూలికి పోతోందని చెప్పాను. టైమైందని వార్డరు అరిచాడు. లేచి, వచ్చే నెల రావొద్దు అక్కా అన్నాడు.

నెల తిరిగాక పోయాను. లోపలికి కబురు పంపించారు. వాడు రానన్నాడట. సాయంత్రం దాకా బయట కూర్చుని వచ్చేశాను.